కుడివైపు సీటు

కిందటి వారం చదవలేకపోయినవాళ్లకి నాలుగు ముక్కలు. కార్లకీ బస్సులకీ సీట్లు కుట్టే ఒక అక్క ఉంది. ఆమె తన చేతుల మీద పెంచిన తమ్ముడు సరుకుల విమానం నడిపేవాడు. చిన్న విమానం, రెండు ఇంజన్లు. పొగమంచు పట్టిన ఒకరోజు వెళ్లాడు, మళ్లీ రాలేదు. విమానంలో ఒక్కడే ఉన్నాడనీ, దారి తప్పి ఏ కొండకో కొట్టుకుని ఉంటాడనీ కంపెనీ చెప్పింది. ఒక్క ముక్క కూడా దొరకలేదు. వెతికి వెతికి విసిగినవాళ్లు చివరికి ఒక మాట అన్నారు. చోటు చూపించండి, ఇంకొక్కసారి వస్తాం, వానలు పడ్డాక మాత్రం మావల్ల కాదు అని. ఆ చోటు కోసమే అక్క తమ్ముడి గదిలో కూర్చుని, కళ్లకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, వాడు వెళ్లిన దారినే రోజూ ఉత్తుత్తి విమానం నడుపుతోంది. రోజూ ఒకే కొండ మలుపు. అక్కడికి వచ్చేసరికి చేతులు తడబడతాయి, విమానం కొండని గుద్దుకుంటుంది.

ఆ మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గదిలో సగం దాకా వచ్చింది. పనిముట్ల సంచీతో గేరన్న కూడా వచ్చాడు.

గేరన్నది కంప్యూటర్ ఆటల సామాన్ల కొట్టు. స్టీరింగులు, జాయ్‌స్టిక్‌లు, కాలితో తొక్కే పెడల్స్ అమ్ముతాడు, బిగిస్తాడు, పాడైతే విప్పుతాడు. ఏం మాట్లాడినా గేర్ల దగ్గరికే తెస్తాడని ఆ పేరు పడింది. అసలు పేరు అతనికే గుర్తుందో లేదో.

"అక్కా, మొదట్లో పట్టుకెళ్లిన ఆ పుల్ల ఏమైంది?" అన్నాడు వస్తూనే.

"జాయ్‌స్టిక్కా? అటక మీద పడేశాను."

"బతికించావ్. అది యుద్ధ విమానాలకి. సరుకుల బండికి స్టీరింగే ఉండాలి. అప్పుడే చెప్పాను, వినలేదు."

"నువ్వే అమ్మావు కదయ్యా!"

"అమ్మడం వేరు, చెప్పడం వేరు."

"సరేలే. నేను నిన్ను అన్నా అంటాను, నువ్వు నన్ను అక్కా అంటావు. మనిద్దరిలో ఎవరు పెద్దో ముందు అది తేల్చు."

"ముందు ఎవరికి కళ్లజోడు వచ్చిందో వాళ్లే పెద్ద," అని తన కళ్లజోడు తీసి జేబులో దాచుకున్నాడు.

అక్క నవ్వలేదు. ఈమధ్య నవ్వు ఆమె పెదవుల దాకా వచ్చి వెనక్కి పోతోంది. కుర్చీ చూపించింది. అది బస్సు డ్రైవరు కుర్చీ. తమ్ముడి కోసం తనే కుట్టింది. దాని ముందు బల్లకి స్టీరింగ్ బిగించి ఉంది. విమానాల స్టీరింగ్ గుండ్రంగా ఉండదు. ఎద్దు తలలా అటొక కొమ్ము, ఇటొక కొమ్ము. కుర్చీకి కుడిపక్కన చిన్న స్టాండు, దాని మీద ఇంజన్ల జోరు పెంచే థ్రాటిల్. కింద పెడల్స్. అన్నీ తమ్ముడివే. వాడు పోయాక అక్కే అన్నిటినీ విప్పి, తుడిచి, వీడియోలు చూసి మళ్లీ బిగించింది.

"ఏమైందిప్పుడు?"

"గుబ్బ చేతిలో పడటం లేదు గేరన్నా. ఈ థ్రాటిల్ గుబ్బ. పట్టుకుంటే ఎవరి చెయ్యో తిరగేసి పట్టుకున్నట్టు ఉంటోంది."

"ఎవరి చెయ్యి?"

"ఎవరిదో."

గేరన్న ఇంక అడగలేదు. ఈ పనిలో చెయ్యే అంతా అని అతనికి తెలుసు. హెడ్‌సెట్ పెట్టుకుంటే విమానం లోపలంతా కనిపిస్తుంది గానీ సొంత చెయ్యి కనిపించదు. కన్ను ఎక్కడ ఉందంటే చెయ్యి అక్కడికే పోతుంది. అక్కడ ఇనుము తగలాలి. తగలకపోతే కన్నుకీ చేతికీ తగువు పడి కడుపులో దేవుతుంది. అందుకే అతను ఎవరికి బిగించినా ముందు వాళ్ల కళ్లకి గుడ్డ కడతాడు. కూర్చుని చేతులు చాపమంటాడు. చెయ్యి గాలిలో ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ చోటుకే సామాను తెస్తాడు. సామాను దగ్గరికి మనిషిని లాగడు.

అక్క కళ్లకి గుడ్డ కట్టాడు. "చేతులు చాపు. ఆలోచించకు."

చాపింది. గేరన్న ఆ చేతులకేసి చూశాడు. తర్వాత స్టీరింగ్ కేసి చూశాడు. సుద్దముక్క అలాగే పట్టుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని వంగి చూశాడు.

"అక్కా, ఈ రబ్బరు నువ్వేమైనా మార్చావా?"

"లేదే."

"గుడ్డ తియ్యి. ఇటు చూడు."

ఎడమ కొమ్ము మీద రబ్బరు కొత్తగా ఉంది. గళ్లు గళ్లుగా, వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది. కుడి కొమ్ము నున్నగా అరిగిపోయి, పాత చెప్పు అడుగులా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఒక చెయ్యి దాన్నే పట్టుకుని వేలాడినట్టుంది.

"వాడిది కుడిచేతివాటం," అంది అక్క. మొదటిరోజే ఆ అరుగుదల చూసింది ఆమె. వాడి చెయ్యి ఇక్కడే ఉండేది కదా అనుకుని, కాసేపు దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది కూడా.

"చేతివాటం రాసుకోడానికి అక్కా. విమానంలో పనికిరాదు. రెండు సీట్లకీ మధ్యలో ఉంటుంది థ్రాటిల్. ఎడమ సీటులో కూర్చున్నవాడు ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుంటాడు, కుడిచేత్తో థ్రాటిల్. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటే. మీవాడు ఎడమ సీటులో కూర్చుంటే ఎడమ కొమ్ము అరగాలి."

అక్క థ్రాటిల్ గుబ్బ చూసింది. దానికి ఒక పక్క నాలుగు వేళ్ల జాడలు, ఇంకో పక్క బొటనవేలు పట్టేంత గుంట. తన కుడిచేతితో పట్టుకుంది. బొటనవేలు నాలుగు వేళ్ల జాడల మీద పడింది. ఎడమచేతితో పట్టుకుంది. బొటనవేలు గుంటలో దిగి కూర్చుంది.

సీటు ఒకవైపు చిరిగిందంటే డ్రైవరు ఏ తలుపులోంచి దిగుతాడో చెప్పగల మనిషి అక్క. వేరేవాళ్ల సీటయితే పది అడుగుల దూరం నుంచే చెప్పేది. ఇది వాడిది. వాడి వస్తువుని ఆమె చూసిందే గానీ, పరికించలేదు.

"కుడి సీటులో కూర్చునేవాడన్నమాట," అంది మెల్లగా.

"థ్రాటిల్ ఆ పక్క ఉండేది కాదు వదినా. మీరే మార్చారు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో తమ్ముడి భార్య నిలబడి ఉంది. చేతుల నిండా ఆరిన బట్టలు. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

"ఏ పక్క ఉండేది?"

"ఎడమ పక్క. ఒకరోజు మీ తమ్ముడే విప్పి అటు మార్చేశారు. ఎందుకండీ అంటే, ఇటు పక్కన ఆయన కూర్చుంటారు అన్నారు."

"ఏ ఆయన?"

మరదలు బట్టలు గుండెకి అదుముకుంది. "ఎవరూ లేరు వదినా. ఖాళీ. తలుపు వేసుకుని ఒక్కరే కూర్చునేవారు. ఎడమపక్కకి తిరిగి మాట్లాడేవారు. సరే సర్, మీరు తిప్పండి సర్, నేను చూస్తున్నాను సర్ అని. నవ్వేవారు కూడా. నేను పాలగ్లాసు పెట్టడానికి వస్తే, ఎడమవైపు నుంచి రావద్దు, ఆయనకి తగులుతావు అనేవారు."

గది ఒక్కసారిగా ఇరుకైనట్టుంది. గేరన్న తను కుర్చీకి ఎడమపక్కనే నిలబడి ఉన్నానని గమనించుకుని, ఏదో పని ఉన్నట్టు ఇటు వచ్చేశాడు.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?" అక్క గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"ఏమని చెప్పమంటారు? మీ తమ్ముడు గాలితో మాట్లాడుతున్నారని చెప్పనా? విమానం నడిపే మనిషికి మతి చెడిందని తెలిస్తే ఊరుకుంటారా? తప్పంతా ఆయన నెత్తినే రుద్దేవారు. అందుకే మింగేశాను."

"మింగేశావా! నేనిక్కడ తప్పు సీటులో కూర్చుని కొండలకి గుద్దుకుంటుంటే, గుమ్మంలో నిలబడి చూశావా?"

"చూశాను. రోజూ మీరు ఆయన్ని ఒకసారి చంపి కుర్చీలోంచి లేస్తున్నారు. అదీ చూశాను. ఇంక చాలు వదినా. మీరు ఇది ఆపితే గానీ నేను ఏడవడం కూడా మొదలుపెట్టలేను."

గేరన్న దగ్గినట్టు చేసి, "నేనలా వెళ్లి టీ తాగొస్తానక్కా," అన్నాడు.

"కూర్చో. అది ఎడమపక్క బిగించు. టీ నేనే పెట్టిస్తాను."

గేరన్న చాప తిరగేశాడు. కుర్చీకి ఎడమపక్క నేల చెక్కలో నాలుగు కన్నాలు ఉన్నాయి, దుమ్ముతో నిండి. ఊది శుభ్రం చేసి స్టాండు తెచ్చి పెట్టాడు. కన్నాలు సరిపోయాయి. స్క్రూలు దారి తెలిసినట్టు దిగాయి. అతను బలం పెట్టాల్సిన పనే లేకపోయింది. అది అతనికి నచ్చలేదు. పాత కన్నంలో స్క్రూ కొంచెమైనా లూజుగా ఉండాలి.

అక్క కూర్చుని కళ్లు మూసుకుని చేతులు చాపింది. కుడిచెయ్యి అరిగిన కొమ్ము మీదికీ, ఎడమచెయ్యి గుబ్బ మీదికీ వెళ్లి ఆగాయి. గుబ్బని ఆమె పట్టుకుందో, గుబ్బే ఆమెని పట్టుకుందో తెలియలేదు.

"వాడు కుడి సీటులో ఉన్నాడంటే, ఎడమ సీటులో ఇంకొకరు ఉండాలి. ఒక్కడే వెళ్లాడని కంపెనీ ఎందుకు చెప్పింది?"

"అదంతా నాకు తెలియదు. ఈ సామాను సంగతి ఒకటి చెబుతాను," అన్నాడు గేరన్న. "ఇది స్ప్రింగుల స్టీరింగ్ కాదు, మోటార్లది. ఇద్దరు మనుషులు వాళ్ల వాళ్ల ఇళ్లలో కూర్చుని ఒకే విమానం నడపొచ్చు. అక్కడ ఆయన తిప్పితే ఇక్కడ నీ స్టీరింగ్ తిరుగుతుంది. నీ తమ్ముడు మాట్లాడింది గాలితో కాదేమో. అమ్మాయ్, మీ ఆయనకి మతి బాగానే ఉందమ్మా."

బట్టలు అదుముకున్న మరదలి చేతులు కొంచెం వదులయ్యాయి.

అక్క హెడ్‌సెట్ పెట్టుకుంది. ఏ సీటులో కూర్చుంటావని ఆట అడిగే చోట, ఇన్నాళ్లూ ఎడమ సీటు మీద పెట్టిన గుర్తుని కుడి సీటు మీదికి మార్చింది. అదే విమానం. కానీ ఇంటికి వెనక గుమ్మంలోంచి వచ్చినట్టుంది. గడియారాల్లాంటి మీటర్లన్నీ అవతలి పక్కకి పోయాయి. అద్దం మీద గీతలు వేరే. తల ఎడమకి తిప్పి చూసింది. ఎడమ సీటు ఖాళీ. బెల్టు రెండు ముక్కలుగా వేలాడుతోంది. సీటు కుట్టు చూసి, దారం పేలవంగా ఉంది, ఎక్కువ రోజులు ఆగదు అనుకుంది. అలవాటు.

"అక్కా, మెల్లగా తిప్పు. కొత్త బిగింపు," అన్నాడు గేరన్న బయటి నుంచి.

"నేను తిప్పడం లేదు."

"తిరుగుతోందిగా."

"నా చేతులు ఒళ్లో ఉన్నాయి గేరన్నా."

గేరన్న చూశాడు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. స్టీరింగ్ కొంచెం ఎడమకి వెళ్లింది. ఆగింది. కుడికి వచ్చింది. ఆగింది. నిద్ర లేచిన మనిషి మెడ తిప్పుకున్నట్టు.

హెడ్‌సెట్ లోపల అక్కకి ఇంకోటి కనిపిస్తోంది. ఎడమ సీటులో బెల్టు కట్టి ఉంది. స్టీరింగ్ మీద రెండు చేతులున్నాయి. చేతి తొడుగులు, అంతే. మణికట్టు దాకా ఉన్నాయి. ఆ పైన ఏమీ లేదు. ఈ ఆటలో మనుషులు అలాగే కనిపిస్తారని ఆమెకి తెలుసు. తెలిసినా కుర్చీలో కుడిపక్కకి ఒదిగింది.

బల్ల మీది స్పీకర్లు గరగరమన్నాయి. ఆ గరగరలోంచి ఒక గొంతు వచ్చింది. పెద్దవాడి గొంతు, నీళ్లు తాగి చాలా కాలమైనట్టు పొడిగా ఉంది.

"వచ్చావా అబ్బాయ్."

మరదలి చేతుల్లో బట్టలు జారి నేల మీద పడ్డాయి.

అక్క నోరు తెరిచింది. మాట్లాడితే ఆడగొంతు. ఆ మనిషి పారిపోతే చోటు తెలియదు. నోరు మూసుకుంది. మరదలు వచ్చి ఆమె చెవి దగ్గర వంగింది. ఊపిరి తప్ప శబ్దం లేదు. "స్టీరింగ్ ఊపండి వదినా. మాట్లాడకుండా అటూ ఇటూ చిన్నగా ఊపేవారు. ఇంజన్ మోతలో మాట వినపడనప్పుడు అలా ఊపుతారట, సరే నేనున్నాను అని."

అక్క అరిగిన కొమ్ము పట్టుకుని చిన్నగా ఊపింది.

"మంచిది," అంది గొంతు. "చెయ్యి వేసి ఉంచు, బిగించి పట్టుకోకు. తిప్పేది నేను."

విమానం కదిలింది. థ్రాటిల్ గుబ్బ తనంతట తాను ముందుకు జరుగుతూ అక్క చేతిని తీసుకెళ్లింది. నేల కిందికి పోయింది. ఊరు, రోడ్డు, కాలువ. ఈ దారి ఆమెకి కంఠతా వచ్చు. అయినా ఇవాళ మోస్తున్నది ఆమె కాదు. నిద్రపోతున్న పిల్లని ఎవరో ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళ్తున్నట్టుంది. తను వాణ్ని అలాగే ఎత్తుకునేది.

పొగమంచు కమ్మింది. కొండ మలుపు వచ్చింది.

ఇక్కడ ఆమె ఎప్పుడూ కుడికి తిప్పేది. వెతికినవాళ్లూ కుడివైపే వెతికారు. విమానాల దారి అదే కాబట్టి. ఆమె చెయ్యి అలవాటుగా కుడికి లాగబోయింది. స్టీరింగ్ ఒప్పుకోలేదు. గట్టిగా కాదు, పెద్దవాళ్లు చిన్నపిల్లాడి చెయ్యి పక్కకి తప్పించినట్టు మెత్తగా. ఎడమకి తిరిగింది. ఆమె కాలి కింద ఎడమ పెడల్ దిగింది. ఎవరో ఆమె పాదం మీద పాదం వేసి తొక్కినట్టు దిగింది.

రెండు కొండల మధ్య సందు. రెక్కలు రాసుకుంటాయేమో అనిపించేంత సందు. అవతల పొగమంచు తెరలా లేచింది. కింద పెద్ద పళ్లెంలా ఎండిన నేల, బీటలు వారిన బురద.

గేరన్న కంప్యూటర్ తెర దగ్గరికి మొహం పెట్టి చూస్తున్నాడు. "అక్కా," అన్నాడు గుసగుసగా, "ఇది పాత డ్యామ్ వెనక రిజర్వాయరు. నీళ్లు లేక ఎండిపోయింది. ఇటెవరూ రాలేదు. ఒక్కరు కూడా ఇటు రాలేదు."

చోటు దొరికింది.

విమానం దిగింది. చక్రాలు బురద పెళ్లలని తొక్కుతుంటే స్టీరింగ్ ఆమె చేతుల్లో వణికింది. ఆగింది. ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అంటే కొండని గుద్దుకోలేదు. దిగారు. వాడు దిగాడు!

"ఇక్కడే కదా," అంది గొంతు. "నా కాలు ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. నువ్వు నీ కోటు తీసి నా మీద కప్పావు. నీళ్లు తెస్తాను సర్, అక్కడి నుంచే ఇంటికి కబురు పెడతాను, మనుషుల్ని తీసుకొస్తాను అన్నావు." ఎడమ సీటులోని తొడుగు చెయ్యి లేచి, వేలు చాపి అద్దంలోంచి చూపించింది. దూరంగా రాళ్లు పేర్చిన గట్టు. "ఆ గట్టెక్కావు. పైకెళ్లాక వెనక్కి తిరిగి చెయ్యి ఊపావు. నేనూ ఊపాను. నీకు కనిపించిందో లేదో."

స్పీకర్లు గరగరమన్నాయి. మరదలు అక్క భుజం పట్టుకుంది. వేళ్లు ఎముక దాకా దిగుతున్నాయి.

"చలి వేస్తోంది అబ్బాయ్. ఇన్నాళ్లు పట్టిందేం?"

ఇంక అక్క వల్ల కాలేదు. "నేను వాణ్ని కాదండీ," అంది. "వాడి అక్కని."

స్టీరింగ్ మీది తొడుగు చేతులు మెల్లగా విడిపోయి, ఎడమ సీటు ఒళ్లోకి దిగాయి. స్పీకర్లలో గాలి వీస్తున్న శబ్దం తప్ప ఏమీ లేదు. కిటికీ బయట ఆకు కదలడం లేదు.

మళ్లీ వచ్చింది గొంతు. ఈసారి అందులో భయం ఉంది.

"అక్కవా... అయితే వాడింకా ఇల్లు చేరలేదా?"